చెంపకు తగిలే దారం

గత మంగళవారం పొద్దున మా పెద్దబాపు చనిపోయాడు. నేను కార్ఖానాకు బయలుదేరి చెప్పులు తొడుక్కుంటుంటే పెద్దబాపు వాళ్ల ఎదురు గదిలో ఉండే ఆయన వచ్చి, "మీ పెద్దబాపు లేస్తలేడు, జర వచ్చి చూడు" అన్నాడు. నాలుగు రోజులుగా జ్వరం. నిద్రలోనే ప్రాణం పోయింది.

ఏడుపు వెంటనే రాలేదు. ముందు అలసట వచ్చింది. వాళ్ల గది గడప మీద కూర్చుండిపోయాను. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మెడ తిన్నగా ఉంది. నిద్రలో ఎప్పుడూ అలాగే ఉండేది. లేచి, మొహం కడుక్కుని, చాయ్ తాగే లోపు ఎడమకు తిరిగిపోయేది. ఆ రోజు లేవలేదు కాబట్టి తిరగలేదు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చి, ఉధ్నాలో సాంచాలు నడుపుకుంటూ బతికే వేలమందిలో ఒకడు. పవర్‌లూమ్‌ను మేము సాంచా అంటాం. మా బాపుకు అన్న. నేను డిగ్రీ సగంలో వదిలి ఈ ఊరు వచ్చినప్పుడు నాకు పని నేర్పింది ఆయనే. తెగిన పోగును ఎలా ముడివేయాలో, నూలు చుట్టిన కండె అయిపోతున్నదని చప్పుడును బట్టి ఎలా తెలుసుకోవాలో చెప్పాడు. చెప్పింది ఒక్కసారే. రెండోసారి అడిగితే, "నోట్లె నాలుక అరుగుతది, నీ చెవుల తుప్పు వదలదు" అనేవాడు. కార్ఖానాలో ఒకే సందులో నా సాంచాలు, ఆయన సాంచాలు ఎదురెదురుగా ఉండేవి. అందుకని ఆయన మెడ కథ నేను దగ్గరుండి చూశాను.

అది ఎప్పుడు మొదలైందో ఆయనకే సరిగా తెలియదు. ఒకరోజు నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ మొహం ఎడమకు తిప్పేశాడు. గోడ వైపు ఏముందా అని నేనూ చూశాను.

"ఏందే పెద్దబాపు, అటే చూస్తున్నవ్?"

"నేనెక్కడ చూస్తున్నరా, అదే చూస్తున్నది" అన్నాడు.

నవ్వాను. ఆయన నవ్వలేదు. కొన్ని నెలల్లో గడ్డం దాదాపు ఎడమ భుజం దగ్గరికి పోయి నిలబడింది. మెడ కుడి పక్క నరం తాడులా ఉబ్బేది. ఎవరో కనపడకుండా లోపల కూర్చుని గుంజుతున్నట్టు వణికేది. సాయంత్రానికి నొప్పితో మాట కూడా తక్కువయ్యేది.

మేమంతా సాంచాల మనుషులం కదా, మా వైద్యం కూడా సాంచాల వైద్యమే. బట్ట ఒక పక్కకు గుంజుతుంటే రెండో పక్క బరువు పెంచి సరిచేస్తాం. మెడను కూడా అట్లాగే సరిచేద్దామనుకున్నాం. మా సందు చివర పనిచేసే ముసలాయన బాగా ఆలోచించి తీర్పు చెప్పాడు.

"ఎడమదిక్కు సాంచాలే ఏండ్లకేండ్లు చూసి చూసి మెడకు గట్ల అలవాటు పడ్డది. కుడిదిక్కు సాంచాలు ఇయ్యుండ్రి. దానంతటదే మలుగుతది."

మా మీద పని చూసే మాస్టరుకు చెప్పి ఆయన్ను అవతలి వరుసకు మార్పించాం. అది చాలదని ఇంకొకాయన ఆయన కుడి భుజానికి కండెల సంచి వేలాడదీశాడు. సంచి బరువుకు భుజం దిగింది గానీ మెడ మాత్రం మొండికేసింది. ఎంత గుంజితే అంత ఎదురు గుంజేది. ఆ వరుసలో సాంచాను చూడాలంటే ఆయన మనిషంతా తిరగాల్సి వచ్చేది. నెల తిరక్కముందే మళ్లీ పాత చోటికి తెచ్చాం. మేము చేసిన మేలుకు ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీ బరువులన్నీ బట్టకు పనికొస్తయిరా" అని మాత్రం అన్నాడు.

వేలు సంగతి తెలిసింది మా పెద్దమ్మకు. రాత్రి అన్నం పెడుతూ చూసిందట, ఆయన ఏదో ఆలోచిస్తూ చూపుడు వేలు గడ్డానికి ఆనించాడు. మెడ నెమ్మదిగా మధ్యకు వచ్చి ఆగింది. వేలు తీస్తే మళ్లీ పోయింది. పెడితే వచ్చింది. తోసింది లేదు, పట్టుకున్నది లేదు, ఊరికే తాకించడమే. తర్వాత తర్వాత నేనూ గమనించాను. ఒక్కోసారి వేలు గడ్డం దాకా రాకముందే మెడ బయలుదేరేది. చెయ్యి లేవడం చూసి లోపలున్నవాడు కాస్త భయపడ్డట్టు.

ఆ వేలే ఆయనకు చెడ్డపేరు తెచ్చింది. మెడ తిరిగినప్పుడు అయ్యో అన్నవాళ్లే, వేలు పెడితే సర్దుకుంటుందని తెలిశాక మొహాలు మార్చారు.

"ఏలు పెడ్తె నిలవడ్తది, తీస్తె తిరుగుతది. గిదేం రోగం? పని ఎగ్గొట్టేతందుకు యాక్టింగ్."

"నిద్రల మంచిగనే ఉంటదట గదా?"

ఇది పెద్దమ్మ చెవిన పడింది. ఆమె గొంతు పెద్దది. నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటూ అందరికీ వినపడేటట్టు అంది: "నిద్రల అందరు మంచోళ్లే. మీరు గూడ."

ఆ తర్వాత ఆమె ముందు ఎవరూ అనలేదు. వెనక అనేవాళ్లు అంటూనే ఉన్నారు. ఆమె తన పని తాను చేసుకుపోయింది. గదిలో స్టౌ తీసి ఎడమ గోడ వైపు పెట్టింది. ఆయన కూర్చునే పీట జరిపింది. ఆయన మొహం ఎటు తిరిగితే అటు తాను ఉండాలని. ఆ తర్వాత వాళ్ల గదికి పోయినప్పుడల్లా నేనూ ఎడమ పక్కనే కూర్చునేవాణ్ని. అది ఆ ఇంటి పద్ధతి అయిపోయింది.

బయట ఎవరు పద్ధతి పాటిస్తారు? ఒకసారి సిటీ బస్సులో పాండేసర పోతున్నాం. ఆయనకు ఎడమ పక్కన ఒకామె నిలబడి ఉంది. ఈయన మొహం ఆమె మీదికే తిరిగి ఉంది. కాసేపు ఓపిక పట్టి, గుజరాతీలో గట్టిగా తిట్టింది. పాపం, ఆయన గాభరాగా గడ్డానికి వేలు పెట్టి తల తిప్పుకున్నాడు. గడ్డం మీద వేలుతో, ఆలోచిస్తున్నవాడి ఫోజులో. ఆమెకు ఇంకా మండింది. కండక్టరు దింపేశాడు. మిగతా దూరం నడిచాం. నేను కోపంతో గబగబా నడుస్తున్నాను. ఆయన మాత్రం, "ఆమె తప్పేమున్నదిరా, నేనైనా గంతే అనుకుందును" అన్నాడు. కాసేపాగి, "జర మెల్లగ నడువు" అన్నాడు.

పెద్దాసుపత్రికి తీసుకుపోయింది నేనే. లైన్లలో కూర్చుని కూర్చుని ఇద్దరికీ విసుగొచ్చింది. చివరికి ఒక డాక్టరు చూశాడు. వయసులో చిన్నవాడు, గుజరాతీ మనిషి. మెడ చూశాడు, నరాలు నొక్కాడు. నేను చెప్పాలా వద్దా అని భయపడుతూనే వేలు సంగతి చెప్పాను. ఇదీ నాటకమంటాడేమోనని. డాక్టరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. వేలు పెట్టించాడు, తీయించాడు. మళ్లీ పెట్టించాడు. పక్క గదిలోంచి ఇంకో ఇద్దర్ని పిలిచి చూపించాడు. హిందీలో నాతో అన్నాడు, మెడ కండరాలు మనిషి చెప్పకుండానే బిగుసుకునే జబ్బు ఇది, మెదడు పంపే కబురులో తేడా ఉంటుంది, తాకితే ఆగడమే ఈ జబ్బుకు గట్టి గుర్తు, మేము వెతికేది దీనికోసమే అని. తాకితే ఎందుకు ఆగుతుందని అడిగాను. అది మాకూ పూర్తిగా తెలియదన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

బయట చెట్టు కింద కూర్చుని పెద్దబాపు చాలాసేపు తన వేలు చూసుకున్నాడు. "ఇన్నొద్దులు నన్ను దొంగను చేసిన వేలే, ఇయ్యాల నా తరఫున సాక్షి చెప్పింది" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. నేను అటు తిరిగి కూర్చున్నాను.

గోలీలు రాసిచ్చారు. అవి మింగితే కళ్లు మూతలు పడేవి. నడుస్తున్న సాంచా ముందు కళ్లు మూతపడితే చేతులు మిగలవు. మానేశాడు.

ఇక అసలు చిక్కు. సాంచా దగ్గర రెండు చేతులూ కావాలి. పోగును అటూ ఇటూ మోసే నాడె తీయాలి, కండె మార్చాలి, తెగిన పోగు పట్టుకుని ముడివేయాలి. ఒక చెయ్యి గడ్డం మీదుంటే ఇవేవీ కావు. చెయ్యి తీస్తే మెడ తిరుగుతుంది, కుడి సాంచాలో పోగు తెగినా కనపడదు, గజాలకు గజాలు బట్ట ఖరాబవుతుంది. మాస్టరు రెండుసార్లు చూసి ఊరుకున్నాడు. మూడోసారి తేల్చి చెప్పేశాడు. "చాచా, దోనో హాథ్ సే కామ్ కరో, నహీ తో ఘర్ బైఠో." రెండు చేతులతో చెయ్యి, లేదా ఇంట్లో కూర్చో.

ఆ రోజు షిఫ్టు దిగి వస్తూ పెద్దబాపు అన్నాడు: "చెయ్యి మెడకిస్తే పని పోతది, పనికిస్తే మెడ పోతది. ఏం చేద్దాంరా?"

ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు? ఊరికి పోతే అక్కడ మాత్రం ఏముంది? చేతితో పని లేకుండా మెడను ఆపే ఉపాయం ఒకటి దొరకాలి. అప్పటినుంచి ఆయన దానికోసమే వెతికాడు. అగ్గిపుల్ల పళ్ల మధ్య పెట్టుకున్నాడు. కొన్నాళ్లు పనిచేసింది. తడిగుడ్డ మెడ వెనక వేసుకున్నాడు. టోపీ పెట్టాడు. చెవి మీద బీడీ పెట్టుకుంటే కాసేపు ఆగిందని పిల్లవాడిలా సంబరపడ్డాడు. రెండో వారానికి బీడీ ఉట్టి బీడీ అయింది. ప్రతి ఉపాయానికీ కొంత ఆయుష్షే ఉండేది. మెడకు అలవాటు కాగానే లెక్కచేయడం మానేసేది. నాకైతే చూస్తుంటేనే నీరసం వచ్చేది. "రేపు జారిపోయేదాన్ని ఇయ్యాల పట్టుకునుడెందుకే?" అని ఒకసారి అన్నాను. "ఇయ్యాలటి పని ఇయ్యాల ఉన్నది గదరా" అన్నాడు.

తొంభై నాలుగులో ప్లేగు వచ్చింది. సూరత్ మొత్తం రైళ్ల మీద పడింది. మా వాళ్లు కూడా దొరికిన బండెక్కి ఊళ్లకు పోయారు. ఆ తొక్కిసలాటకు పెద్దబాపు మెడ తట్టుకోదు. ఆయన్ను విడిచి పెద్దమ్మ పోదు. వాళ్లిద్దర్నీ వదిలి నేను పోలేకపోయాను. కార్ఖానాలు బందయ్యాయి. సాంచాల చప్పుడు లేని ఉధ్నాను నేను అప్పుడే విన్నాను. మిగిలినవాళ్లం ముక్కుకూ మూతికీ దస్తీలు కట్టుకుని తిరిగాం.

ఒక పొద్దున నేను వాళ్ల గదికి పోయేసరికి పెద్దబాపు దస్తీ కట్టుకుని బియ్యం కోసం బయలుదేరుతున్నాడు. పెద్దమ్మ సంచి ఇవ్వబోయి ఆగిపోయింది.

"ఏమయ్యా, గిటు చూడు."

"చూస్తున్న గదనే."

"చూస్తున్నవ్! తిన్నగ చూస్తున్నవ్!"

మెడ మధ్యలో ఉంది. రెండు చేతులూ కిందికి వేలాడుతున్నాయి. ఆయన ఒక చెయ్యి లేపాడు, తర్వాత రెండోది లేపాడు. పోలీసు ముందు నిలబడ్డవాడిలా రెండు చేతులూ పైకెత్తి అట్లాగే గది మధ్యలో నిలబడ్డాడు. దస్తీ పైన కళ్లు మాత్రమే కనపడుతున్నాయి. అవి నవ్వుతున్నాయి. పెద్దమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. ఊరంతా చావు భయంతో మూతికి గుడ్డ కట్టుకుంటే, ఆ గుడ్డ మా ఇంట్లో ఒక మనిషిని నిలబెట్టింది. సంతోషపడటానికి సిగ్గేసింది. అయినా సంతోషపడ్డాం.

కార్ఖానాలు తెరిచాక అందరూ దస్తీలు విప్పేశారు, ఆయన విప్పలేదు. రెండు చేతులతో పనిచేశాడు. మాస్టరు నోరు మూతపడింది. కొత్తగా ఊళ్లనుంచి వచ్చినవాళ్లు మాత్రం ఆయన్ను చూసి దూరం జరిగేవాళ్లు, రోగం ఇంకా ఈయన్ను వదల్లేదేమోనని. ఆయన పట్టించుకోలేదు. ఎండాకాలం వచ్చింది. రేకుల కింద, సాంచాల వేడిలో, గుడ్డ చెమటకు తడిసి మూతికి అంటుకుపోయేది. ఊపిరాడేది కాదు. దానికి తోడు మెడకు దస్తీ కూడా అలవాటైపోయింది. మెల్లగా, రోజుకింత, మళ్లీ ఎడమకు జరగడం మొదలుపెట్టింది. ఆయన నాకు చెప్పలేదు. నాకు కనపడింది. నేనూ ఆయనకు చెప్పలేదు.

దారం తనంతట తనే దొరికింది. పైన ట్యూబులైటు తీగకు ఎక్కడిదో తెగిన పోగు ఒకటి చిక్కుకుని వేలాడుతోంది. ఆయన కండె మార్చడానికి వంగి లేచినప్పుడు అది చెంపకు తగిలింది. మెడ ఆగింది. చేత్తో తీసేయబోయి తీయలేదు. అట్లాగే నిలబడి నావైపు చూశాడు. సాంచాల చప్పుడులో మాట వినపడదు కాబట్టి కళ్లతోనే పైకి చూపించాడు.

మర్నాడు స్టూలెక్కి గట్టి పడుగు దారం ఒకటి తీగకు కట్టాడు. సరిగ్గా తన చెంపను తాకేటట్టు కొలిచి తెంపాడు. సాంచాల గాలికి అది ఎప్పుడూ సన్నగా ఊగుతుండేది. ఊగడమూ మేలే అయింది. ఒకేచోట ఆనితే మెడ మరిచిపోయేది. ఇది మరవనిచ్చేది కాదు.

మాకు మాత్రం ప్రాణం విసిగింది. అది మేమంతా నడిచే సందు. బుట్ట నెత్తిన పెట్టుకుని పోతుంటే మొహానికి తగిలేది, కంట్లో పడేది, ఒకసారి నా నోట్లోకి పోయింది. తిట్టుకునేవాళ్లం. మాస్టరు చూసి ఏమీ అడక్కుండానే కత్తెరతో తెంపి పారేశాడు. పెద్దబాపు మర్నాడు మళ్లీ కట్టాడు. మళ్లీ తెంపాడు. మళ్లీ కట్టాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు.

ఒకరోజు తెంపిన తర్వాత మాస్టరు వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డాడు. ఈ ముసలాయన ఏం చేస్తాడో చూద్దామనుకున్నాడేమో. పెద్దబాపు రెండు చేతులూ నాడె మీద ఉన్నాయి. దారం లేదు. మాస్టరు కళ్లముందే మెడ మెల్లగా, ఆగి ఆగి, ఎడమకు తిరగసాగింది. పెద్దబాపు పళ్లు బిగించి ఆపబోయాడు. నరం ఉబ్బింది, తల వణికింది, మొహం ఎర్రబడింది. చేతులు మాత్రం తీయలేదు. రెండు చేతులతో పనిచెయ్యమన్నది మాస్టరే కదా. చివరికి గడ్డం భుజానికి చేరింది. చూపు సాంచా మీదినుంచి పోయింది. వేళ్లు తడుముకుంటూ కండె పెడుతున్నాయి.

మాస్టరు వెళ్లి స్టూలు తెచ్చుకున్నాడు. ఎక్కి దారం తనే కట్టాడు. ఆయన కట్టింది పొట్టిదైంది, నుదుటికి తగిలింది. దిగి, చూసి, మళ్లీ ఎక్కి, పొడుగుది కట్టాడు. "ఠీక్ హై, చాచా?" అన్నాడు. పెద్దబాపు తల ఊపాడు. నేను నా సాంచా వైపు తిరిగి లేని పోగు వెతుక్కున్నాను.

ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తిట్లు కూడా తగ్గాయి. అక్కడికి రాగానే తల కాస్త వంచి కిందినుంచి పోవడం అందరికీ అలవాటైంది. కార్ఖానా యజమాని సేఠ్ వచ్చినప్పుడు ఆయనా వంగాడు, ఎందుకని అడగలేదు.

ఆ దారం కలకాలం పనిచేసిందని రాస్తే బాగుండేది. పనిచేయలేదు. చివరి ఏడాది దారంతో పాటు పళ్ల మధ్య అగ్గిపుల్ల కూడా ఉండేది. అదీ చాలని రోజుల్లో స్తంభానికి తల వెనక భాగం ఆనించి, కాసేపు కళ్లు మూసుకుని, మళ్లీ వచ్చేవాడు. నొప్పి ఉందా అని అడిగితే, "ఉన్నది. పని గూడ ఉన్నది" అనేవాడు. సాంచాలు మాత్రం ఎవరికీ వదల్లేదు. జ్వరం వచ్చిన రోజు వరకూ రెండు చేతులతోనే నడిపాడు.

పాడె దించుతుంటే మెట్ల దగ్గర ఇరుకయింది. వాలింది. తల కొంచెం ఎడమకు ఒరిగింది. ఎప్పటి అలవాటో, పెద్దమ్మ ముందుకు వచ్చి గడ్డానికి వేలు ఆనించింది. తల కదల్లేదు. నేను రెండు చేతులతో పట్టుకుని సరిచేశాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

మూడో రోజు పనికి పోయాను. సెలవు ఎవరిస్తారు. ఈలోగా కార్ఖానాలో దూది బూజు దులిపారు. దాంతోపాటు తీగకున్న దారం కూడా పోయింది. కావాలని ఎవరూ తీయలేదు. ఆయన సాంచాల మీదికి ఒడిశా నుంచి వచ్చిన కొత్త మనిషిని పెట్టారు. కండెల బుట్ట ఎత్తుకుని ఆ చోటికి రాగానే నా తల దానంతటదే వంగింది. తలెత్తి చూస్తే పైన ఉట్టి తీగ. నా వెనక వస్తున్న సందు చివరి ముసలాయనా వంగాడు. మాస్టరూ వంగాడు.

కొత్త మనిషి రెండు రోజులు మమ్మల్ని వింతగా చూశాడు. మూడో రోజు నా దగ్గరికి వచ్చి చేత్తో సైగ చేసి అడిగాడు, అక్కడ ఏముందని. ఆ చప్పుడులో ఏం చెప్పను, ఎక్కడినుంచి మొదలుపెట్టను? చెయ్యి ఊపి ఊరుకున్నాను. నిన్న చూశాను. అతను ఖాళీ బుట్ట పట్టుకుని ఆ సందులో వస్తూ, సరిగ్గా అక్కడికి రాగానే, తల వంచి కిందినుంచి దాటాడు.